కాన్సాస్ డాక్టరింట్లో రెండు రివాల్వర్లు

ప్లేనో

అమెరికాలో మనవాళ్ళు సెలవు పెట్టి చూసొచ్చే చోట్లలో కాన్సాస్ ఉండదు. నయాగరా వెళ్తారు, గ్రాండ్ కాన్యన్ వెళ్తారు, పిట్స్‌బర్గ్ గుడికి వెళ్తారు. కాన్సాస్ అంటే విమానం కిటికీలోంచి కింద గళ్ళగళ్ళుగా కనిపించి వెళ్ళిపోయే నేల, అంతే. మొన్న ఏప్రిల్‌లో నేను కారేసుకుని అక్కడికి వెళ్ళొచ్చాను. వెళ్ళింది ఒక రివాల్వర్ కొనడానికి.

నేను టెక్సాస్ రాష్ట్రం ప్లేనోలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి డేటాబేస్‌లు చూసే ఉద్యోగిని. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది మొదటి రివాల్వర్ కొన్నాను. అప్పట్నించి పాతవి, ఇప్పుడెవరూ తయారుచెయ్యనివి ఒక్కొక్కటీ పోగుచేస్తున్నాను. కాల్చడం మీద సరదా తక్కువ. ఆ ఇనుము పని చూస్తే ఆనందం. కాకినాడలో పెరిగేటప్పుడు దగ్గర్నుంచి చూసిన తుపాకీ ఒక్కటే, బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కూర్చునే గార్డుది. మా నాన్న లోపల డిడి తీసుకుంటుంటే నేను ఆ తుపాకీ చెక్క నునుపు చూస్తూ నిలబడేవాణ్ణి. ఇక్కడ పాలూ బ్రెడ్డూ అమ్మే దుకాణంలోనే రెండు వరసలు అవతల తూటాల పెట్టెలుంటాయి. ఇన్నేళ్ళయినా ఆ వరసలో నడిచేటప్పుడు నాకు కొంచెం కొత్తగానే ఉంటుంది.

మా ఆవిడ సుజాత దసరాకి కార్లకీ లాప్‌టాప్‌లకీ బొట్టు పెట్టినట్టే నా ఇనపబీరువాకీ పెడుతుంది. లోపలి వాటికి పెట్టనివ్వను, పసుపు తడికి తుప్పు పడుతుంది. వాటి మీద ఆమెకి ఇష్టమేమీ లేదు, ఇంట్లో ఉన్నాక పూజ తప్పదంటుంది. మా అమ్మాయి నిత్య మాత్రం ఆ గదిలోకి రాదు. ఎవరైనా తుపాకీతో చొరబడితే ఏం చెయ్యాలో, బడిలో లైట్లు ఆర్పి, బల్లల కింద చప్పుడు చెయ్యకుండా కూర్చోవడం నేర్పించిన తరం తనది. ఇప్పుడు ఆస్టిన్‌లో కాలేజీ. బయల్దేరే ముందు ఫోన్‌చేసి చెప్పాను. "ఇంకోటి వై నాన్నా? ఉన్నవి చాలు కదా," అంది.

ఈసారి ఏది కొనాలన్నది చలికాలమంతా తేల్చుకోలేకపోయాను. తుల్సాలో జరిగే పెద్ద తుపాకుల సంతకి ఒక జర్మన్ పిస్టల్ తెస్తానని, నా కోసం పక్కన పెడతానని ఒక వ్యాపారి చెప్పాడు. అదే వారంలో నాలా పాత తుపాకులు పోగుచేసే కలెక్టర్ల వెబ్‌సైట్‌లో కాన్సాస్ నుంచి ఒక ప్రకటన వచ్చింది. పాత ఇంగ్లీషు రివాల్వర్. మధ్యకి విరిచినట్టు మడిచి తెరిచేది. దాని మీద బ్రిటిష్ ఇండియా సైన్యం ముద్ర. అలాంటిది నేను ఏళ్ళుగా వెతుకుతున్నాను. ఆ ముద్ర ఉందంటే మన నేల మీద ఎవరో సిపాయో దొరో నడుముకి అది వేలాడిందన్నమాట. మంచి స్థితిలో, ముద్రలు చెడకుండా మళ్ళీ దొరకడం కష్టం. యాభై ఏళ్ళు దాటిన తుపాకుల్ని వేరే రాష్ట్రంలో కూడా నేరుగా కొనుక్కునే కలెక్టరు లైసెన్స్ నాకుంది. రెండూ చూసి ఒకటి ఎంచుకుందామని బయల్దేరాను. రెండో బీరువా ఇంట్లోకి రావడానికి వీల్లేదని సుజాత ముందే తేల్చేసింది కాబట్టి ఒకటే.

ఎర్ర నది దాటాక

టెక్సాస్‌కీ ఓక్లహామాకీ సరిహద్దు ఎర్ర నది. నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ, అదీ కుండపెంకు రంగులో. అవతల మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో ఆగాను. పన్నెండు డాలర్లకి చికెన్, రెండు కూరలు. కూరల్లో ఒకటి బెండకాయ. మొక్కజొన్న పిండిలో దొర్లించి నూనెలో కరకరలాడేలా వేయించారు. జీడిపప్పు ఒక్కటే తక్కువ, లేకపోతే మన పెళ్ళి భోజనంలో వేపుడే. వడ్డించే ఆవిడతో ఆ మాటంటే, బెండకాయ తమదేననీ, ఇండియాలో కూడా పండుతుందని ఇప్పుడే వింటున్నాననీ ఆశ్చర్యపోయింది.

సాయంత్రం ఆకాశం ఆకుపచ్చగా తిరిగింది. ఈ ప్రాంతంలో ఆ రంగు చూస్తే అందరూ కార్లు పక్కకి తీస్తారు. నేను తీసేలోపే వడగళ్ళు పడ్డాయి. ఒకటి సరిగ్గా నా ఎదుట అద్దం మీద పడి మూలనించి మూలకి బీట తీసింది. ఎదురుగా మోటెల్ బోర్డు కనిపిస్తే అందులోకి తిప్పేశాను.

మోటెల్ ఓనరు గుజరాతీ పెద్దాయన. నాకు గది తాళం ఇచ్చాక, లోపల్నుంచి అల్లం టీ తెప్పించి, హిందీలో కబుర్లు మొదలెట్టాడు. ఎక్కడికని అడిగితే దాచకుండా చెప్పాను. ఆయన కౌంటర్ సొరుగు తెరిచి ఒక నల్లటి పిస్టల్ చూపించాడు. ఒకసారి ఎవరో వచ్చి బెదిరించాక కొన్నాడట. కాల్చిందెప్పుడూ లేదు. కానీ అది వచ్చినప్పట్నించి తన భార్య ఈ కౌంటర్ దగ్గర కూర్చోవడం మానేసిందని చెప్పాడు. అంతకుముందు సాయంత్రాలు ఇద్దరూ ఇక్కడే కూర్చుని టీ తాగేవాళ్ళట. "తీసేద్దామంటే నాకు భయం, ఉంచుదామంటే ఆమెకి భయం," అని సొరుగు మూసేశాడు. నేను తాగుతున్న టీ పెట్టింది ఆవిడే. ఆవిణ్ణి నేను చూడలేదు.

తుల్సా

మన పశువుల సంతలో పళ్ళు చూసి బేరమాడినట్టు ఇక్కడ గొట్టాల్లోకి చిన్న లైటు వేసి చూసి బేరమాడతారు. కనుచూపు మేర బల్లలు, బల్లల నిండా ఇనుము. మధ్యమధ్యలో వేరుశనగ అచ్చులు అమ్మేవాళ్ళు, ఎండు మాంసం అమ్మేవాళ్ళు, కుట్టుమిషన్ మీద తోలు పటకాలు కుట్టేవాళ్ళు. అందరూ మర్యాదగానే పలకరిస్తారు. నాలాంటి రంగు మనిషి ఒక పాత ముద్ర చూసి దాన్ని ఎక్కడ కొట్టారో చెబితే కాస్త ఆశ్చర్యపోయి, తర్వాత కుర్చీ వేస్తారు.

జర్మన్ పిస్టల్ నన్ను నిరాశపరిచింది. ఫోటోలో తళతళలాడింది, చేతిలోకి తీసుకుంటే తెలిసింది. ఎవరో దానికి కొత్తగా రంగు పట్టించారు. పట్టించే ముందు సాన పెట్టడంతో ముద్రల అంచులు మెత్తబడిపోయాయి. కలెక్టరుకి అలాంటిది ఇక పోయినట్టే. వ్యాపారికి థాంక్స్ చెప్పి తిరిగి ఇచ్చేశాను.

పక్క బల్ల దగ్గర ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఆయన బల్ల మీదవి నావాటికంటే ఎన్నో రెట్లు మంచివి. ధరలు చూస్తే చాలా తక్కువ. అదేమిటని అడిగాను. కొన్నప్పుడు ఒక్కొక్కటీ వెతికి కొన్నానని, ఇప్పుడు అన్నీ ఒకేసారి వదిలించుకుంటున్నానని చెప్పాడు. కొడుకులు ముగ్గురూ వద్దన్నారట.

"మీ పిల్లలు తీసుకుంటారా?" అని అడిగాడు.

"ఒకతే అమ్మాయి. ఆ గదిలోకే రాదు," అన్నాను.

ఆయన తలూపి, గొట్టం సర్దుకున్నాడు. అక్కడ ఒక నికెల్ రివాల్వర్ నాకు నచ్చింది. ఎందుకో ఆయన బల్ల మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. కాన్సాస్‌ది ఒక్కటే మిగిలింది.

కాలిన కొండలు

కాన్సాస్‌లోకి వచ్చాక నేల మెల్లగా గుట్టలు గుట్టలుగా లేస్తుంది. చెట్లుండవు, గడ్డి మాత్రమే. ఈ రుతువులో రైతులు ఆ గడ్డిని తగలబెడతారు. కొత్త గడ్డి లేత పచ్చగా వస్తుందని, పశువులకి బలమని. మన గోదావరి జిల్లాల్లో కోతలయ్యాక దుబ్బులు కాల్చడం చూశాను గానీ, మైళ్ళకొద్దీ కొండలు మొత్తం నల్లగా మసిబారి ఉండడం చూడటం ఇదే మొదటిసారి. అద్దాలు బిగించినా కారులో పొగవాసన. బీటలు వారిన నా అద్దంలోంచి సూర్యుడు రాగి పైసాలా కనిపించాడు.

ఊరు అనడానికి ఒక ధాన్యం గాదె, ఒక చర్చి, ఒక కేఫ్. కేఫ్‌లో చిల్లీ అడిగాను. మాంసం, రాజ్మా వేసి కారంగా వండే గ్రేవీ అది. దానితోపాటే ఒక ప్లేట్లో దాల్చినచెక్క వేసి చక్కెర పూసిన బన్ను తెచ్చి పెట్టారు. పొరపాటున తెచ్చారనుకుని వెనక్కి ఇచ్చాను. కాదట, ఇక్కడ రెండూ కలిపే తింటారట, బడి భోజనంలో చిన్నప్పట్నించీ అలవాటట. పులుసులో బొబ్బట్టు నంజుకున్నట్టే అనిపించింది. తినగా తినగా బాగానే ఉంది. తొమ్మిది డాలర్లు. నేను ఆ రివాల్వర్ కోసం పశువుల డాక్టరుగారింటికి వచ్చానని తెలిసి కేఫ్ ఆవిడ డబ్బు తీసుకోవడానికి కాస్త తటపటాయించింది. ఆ జిల్లాలో ఆయన చెయ్యి పడని పశువు లేదట. "ఇప్పుడు ఆయనకి ఒంట్లో బాగోలేదు. రూత్‌కి చాలా కష్టంగా ఉంది," అని మాత్రం చెప్పింది.

డాక్టర్‌గారి ఇల్లు

ప్రకటన ఇచ్చిన రూత్ ఆయన కూతురే. యాభై దాటిన మనిషి. పక్క ఊళ్ళో స్కూలు బస్సు నడిపే ఉద్యోగం మానేసి తండ్రి దగ్గరికి వచ్చేసింది. నేను కారు దిగుతుండగానే ఎదురొచ్చి, ఇంట్లోకి తీసుకెళ్ళకుండా అక్కడే నిలబెట్టి మాట్లాడింది.

తండ్రికి మతిమరుపు జబ్బు. పాత సంగతులు అద్దంలో చూసినట్టు చెబుతాడు, పొద్దున్న తిన్నది గుర్తుండదు. ఆయన తుపాకుల్ని ఆమె క్లీనింగ్‌కని ఒక్కొక్కటే బయటికి తెచ్చి, పక్క ఊళ్ళో తుపాకుల దుకాణానికి ఇచ్చేసింది. రెండే మిగిలాయి. ఒకటి నేను చూడ్డానికి వచ్చిన ఇంగ్లీషుది, పక్కన పెట్టెలో ఉంటుంది. దాని తూటాలు ఎవరూ తయారుచెయ్యడం లేదు, ఇంట్లో ఒక్కటీ లేదు. రెండోది పాత పోలీసు రివాల్వర్. అది పగలంతా ఆయన నడుముకీ, పడుకుంటే తలగడ కిందా ఉంటుంది. ఒకసారి తూటాలు తీసేస్తే బరువు తేడా చేతికి తెలిసిపోయి, ఎక్కడ దాచుకున్నాడో ఇంకొన్ని తెచ్చి నింపుకున్నాడట. షెరీఫ్ ఆఫీసు నుంచి ఒక పోలీసతను వస్తే, కాఫీ ఇచ్చి, అతని నాన్న ఆవుల గురించి ఎంతో తెలివిగా మాట్లాడి పంపించేశాడట.

"పోయిన వారం వంటింటి గుమ్మంలో నన్ను చూసి దొంగనుకున్నాడు," అంది రూత్. "నాన్నా, నేను రూత్‌ని అన్నాను. అబద్ధం, రూత్ చిన్నపిల్ల, స్కూలుకెళ్ళింది అన్నాడు. అది నా మీదికి ఎత్తి పట్టుకునే ఉన్నాడు."

తర్వాత నన్ను లోపలికి తీసుకెళ్ళింది.

డాక్టరు పొడుగాటి మనిషి, భుజాలు వంగాయి. నా పేరు రెండుసార్లు ప్రయత్నించి వదిలేసి, వచ్చిన చోటు పేరుతో "టెక్సాస్" అని పిలవడం మొదలుపెట్టాడు. కాకినాడవాడికి ఆ పేరు ఎవరూ పెట్టి ఉండరు. పెట్టె తెరిచి ఇంగ్లీషు రివాల్వర్ నా చేతిలో పెట్టాడు. దాన్ని ఏమని చెప్పను. ఒంటి రంగు అసలుది. ముద్ర గోటికి తగులుతోంది. మడిచి తెరిస్తే తాళం కప్ప పడినంత మెత్తగా చప్పుడైంది. నేను అడిగినవాటికల్లా ఆయన తడుముకోకుండా జవాబు చెప్పాడు. కాసేపు ఆయనకి జబ్బుందన్న సంగతే మర్చిపోయాను.

"మనిషికి ఒక్కటే అమ్ముతాను," అన్నాడు. "ఎప్పుడూ అంతే. రెండు కొనేవాడు వ్యాపారి."

అప్పటికి ఆయన మనసులో మిగతావన్నీ బీరువాలోనే ఉన్నాయి. కాఫీ కప్పు అందుకోబోతుంటే చొక్కా పైకి జరిగి, పోలీసు రివాల్వర్ పిడి కనిపించింది.

కాస్త గాలి పీల్చుకుని వస్తానని బయటికొచ్చాను. రూత్ వెనకాలే వచ్చింది. నా మొహంలో ఏం కనిపించిందో, "మీరు దేనికోసం వచ్చారో అది కొనుక్కుని వెళ్ళండి. ఇది మీ నెత్తిన వేసుకోవలసింది కాదు," అంది. నిజమే. తీసుకుని వెళ్ళిపోతే నన్నెవరూ ఒక్క మాట అనరు. నల్లటి కొండల వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నా చేతికి ఇంకా ఆ ఇంగ్లీషు దాని బరువు తెలుస్తూనే ఉంది. అది నాకు కావాలి. అంతగా కావాలనిపించడం చూసి నాకే భయం వేసింది. లోపలికి వెళ్ళాను.

"ఎంచుకున్నావా టెక్సాస్?"

"ఎంచుకున్నాను డాక్టర్. మీ నడుముకున్నది."

ఆయన చెయ్యి పిడి మీదికి వెళ్ళింది. "అది అమ్మకానికి లేదు. అయినా దాంట్లో ఏముంది? అలాంటివి ఎక్కడైనా దొరుకుతాయి."

"నా దగ్గరున్నవన్నీ బీరువాలో కూర్చున్నవే. పని చేసింది ఒక్కటీ లేదు," అన్నాను. అది నిజమే.

ఆ మాట ఆయనకి తగిలింది. చెప్పడం మొదలుపెట్టాడు. ముళ్ళకంచెలో కాలు విరిగిన గుర్రాలు, ఈనలేక రెండు రోజులు పడి ఉన్న ఆవులు, మంచులో దొరికిన దూడలు. ఇక లాభం లేదని తేలినప్పుడు ఈ రివాల్వరే తీశాడట. యజమానులు మొహం తిప్పుకునేవాళ్ళు, ఆయన ఎప్పుడూ తిప్పుకోలేదు. కొన్ని గుర్రాల పేర్లు కూడా చెప్పాడు. చివరికి గొంతు తగ్గించి, "వాటికి ఇచ్చిన మర్యాద నాకూ దక్కాలి. అందుకే దగ్గరుంచుకున్నాను," అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ రూత్ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత ఆయన నన్నడిగాడు.

"నాకు అవసరం పడితే?"

"ఫోన్ చెయ్యండి. తెచ్చిస్తాను."

"మాటేనా?"

"మాటే."

ఆయన దాన్ని నడుము నుంచి తీసి, తూటాలు బల్ల మీద ఒలికించి, గదులన్నీ వేలితో తడిమి ఖాళీ అని చూసుకుని, పిడి నావైపు తిప్పి ఇచ్చాడు. ధర అడిగితే, ఒకప్పుడు గుర్రాన్ని చూడ్డానికి వెళ్తే తీసుకునే ఫీజు చెప్పాడు. ఇచ్చాను. నా లైసెన్స్ కాపీ రూత్ తీసుకుంది. ఆయన ఒక కాగితం మీద 'టెక్సాస్, నా రివాల్వర్' అని రాసి, కింద నా నంబరు వేయించుకుని ఫోన్ పక్కన అంటించుకున్నాడు. ఇంగ్లీషు రివాల్వర్‌ని ఆయనే పెట్టెలో పెట్టి మూశాడు.

"నీకు ఎంచుకోవడం రాదు టెక్సాస్," అన్నాడు. జాలిగానే అన్నాడు.

తూటాల్ని రూత్ ఒక కాఫీ డబ్బాలోకి ఎత్తి, నాతో కారు దాకా వచ్చి వెనకసీట్లో పెట్టింది. "నిజంగా తెచ్చిస్తారా?" అని అడిగింది.

"లేదు."

"తెలుసు," అని నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలేసింది.

ఇంటికొచ్చాక

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అద్దం మార్పించాను. సుజాత ఆ రివాల్వర్‌ని చూసి, ఇంత దూరం వెళ్ళి ఈ అరిగిపోయింది తెచ్చారేమిటంది. జరిగింది చెప్పాను. నిత్యకి ఫోన్‌లో చెబితే, "సో యూ లైడ్ టు హిమ్," అంది. అవునన్నాను. "ఓకే నాన్నా," అంది. తను ఆ రెండు మాటలు అంత మెత్తగా అనడం ఎప్పుడూ వినలేదు.

ఇక్కడి వేసవి మొదట్లో, జూన్‌లో, ఇంగ్లీషు రివాల్వర్‌ని నెబ్రాస్కా కలెక్టరు ఒకాయన కొనుక్కున్నాడు. దాని ఫోటో వెబ్‌సైట్‌లో పెట్టాడు. పెద్దది చేసి ముద్ర దాకా చూసి కంప్యూటర్ మూసేశాను. అలాంటిది నాకు మళ్ళీ దొరకదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఫోన్ వచ్చింది. "టెక్సాస్? టైమైంది. తీసుకురా." గొంతులో తడబాటు లేదు. బయల్దేరుతున్నానని చెప్పి, వెంటనే రూత్‌కి ఫోన్‌ చేశాను. ఆమె పక్కగదిలోనే ఉందట, విందట. ఆయన కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడని, భోజనం వేళకి మరిచిపోయాడని సాయంత్రం చెప్పింది. ఆయన్ని చూసే డాక్టరుకీ ఆమె అంతా చెప్పింది. మందు మార్చారు, రోజూ ఒక నర్సు వస్తోంది. ఫోన్లు మాత్రం ఆగలేదు. తీసుకోవద్దని రూత్ అంటుంది. తీసుకోకపోతే ఆయన ఇంకెవరినైనా అడుగుతాడేమోనని నా భయం.

పోయిన ఆదివారం సరుకులు కొంటుంటే మళ్ళీ ఆయన ఫోన్ వచ్చింది. బండి పక్కకి లాగి, గోధుమపిండి బస్తాల మధ్య నిలబడి తీశాను.

"ఎంతవరకొచ్చావు?" అని అడిగాడు.

"తుల్సా దాటాను డాక్టర్."

"ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. నెమ్మదిగా నడుపు. నేనెక్కడికీ వెళ్ళను."

నెమ్మదిగానే వస్తున్నానని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు. అవతల కుర్చీ కిటికీ వైపు జరుగుతున్న చప్పుడు వినిపించింది.